సైకిలు వెళ్లగలదు, తిరిగి రాగలదా?

ధర్మపురి జిల్లాలో సైకిళ్లకు కొరత లేదు. తమిళనాడు ప్రభుత్వం 2001లో షెడ్యూల్డు కులాల, తెగల విద్యార్థినులతో ప్రారంభించి, అనంతరం ప్రభుత్వ, ప్రభుత్వ సహాయ పాఠశాలల్లోని 11వ తరగతి విద్యార్థులకు విస్తరింపజేసిన ఉచిత సైకిళ్ల పథకం పుణ్యమా అని, ఈ ప్రాంతంలో సైకిలు లేని వీధి అరుదు. దానికి తోడు వెడల్పాటి టైర్లు, గేర్లు కలిగిన కొండ సైకిళ్లు కూడా పట్టణ దుకాణాలకు చేరుకున్నాయి. బడికి, పొలానికి, అంగడికి మాత్రమే కాక వ్యాయామానికి, వినోదానికి, ప్రకృతి సందర్శనానికి సైకిలును వినియోగించాలన్న ఆలోచన యువతలో కలగడం హర్షించదగిన పరిణామమే. అయితే ఆ ఆలోచన ఆచరణలోకి వచ్చేసరికి ఒక ప్రశ్న ఎదురవుతున్నది. ఉదయం ఉత్సాహంగా బయలుదేరిన కొత్త సైకిలిస్టు, మిట్టమధ్యాహ్నపు ఎండలో అలసిపోయినా, టైరు పంచరైనా, తన సైకిలుతో సహా ఇల్లు చేరేదెట్లా?

ఈ ప్రశ్నకు సమాధానం లేనంతకాలం కొండ సైకిలు విహారం కారున్నవారి వేడుకగానే మిగిలిపోతుంది. కారు పైకప్పుకు సైకిలు బిగించుకుని వచ్చేవారికి తిరుగు ప్రయాణపు బెంగ లేదు. ప్రభుత్వం ఇచ్చిన సైకిలు మాత్రమే ఉన్న విద్యార్థికి బస్సు, రైలు తప్ప వేరే అండ లేదు. కనుక దారి ఎంపికకు, ప్రజారవాణాకు మధ్యనున్న సంబంధాన్ని పరిశీలించడం అవసరం.

గట్టు దారులే తొలి పాఠశాల

ధర్మపురి పట్టణ సమీపంలోని చెట్టికరై గ్రామాన్ని ఉదాహరణగా తీసుకుందాం. 2013లో ప్రారంభమైన ప్రభుత్వ ఇంజనీరింగ్ కళాశాల ఈ గ్రామంలోనే నడుస్తున్నది. ఇక్కడి యువకులకు ఆదివారం నాడు సైకిలు మీద కొంత దూరం తిరిగి రావాలన్న కోరిక కలిగితే, వారు ఎటు వెళ్లాలి? తమిళంలో ‘కరై’ అంటే గట్టు, ఒడ్డు అని అర్థం. కొత్తవారికి కావలసిన దారి ఎటువంటిదో గ్రామం పేరులోని ఆ మాటే సూచిస్తున్నది.

కొండ సైకిలు దారులను కష్టాన్నిబట్టి వర్గీకరించే పద్ధతి పాశ్చాత్య దేశాలలో ఏనాడో స్థిరపడింది. అంతర్జాతీయ కొండ సైకిలు సంఘం రూపొందించిన విధానంలో ఆకుపచ్చ వృత్తం సులభమైన దారికి, నీలి చతురస్రం మధ్యస్థానికి, నల్లని వజ్రాకారం కఠినమైన దారికి గుర్తులు. సులభమైన దారికి సగటు వాలు 5 శాతానికి మించరాదు. అంటే 100 అడుగులు ముందుకు సాగితే ఎత్తు 5 అడుగులకు మించి పెరగకూడదు. దారి వెడల్పు కనీసం 3 అడుగులు ఉండాలి, నేల గట్టిగా ఉండాలి.

ఈ లక్షణాలన్నీ మన చెరువు కట్టలకు, పొలాల నడుమ సాగే ఎర్రమట్టి బండిబాటలకు చాలావరకు సరిపోతాయి. గేర్లు లేని సైకిలుతోనూ ఆ దారిన సాగవచ్చు. అయితే కట్టల మీద కూడా మూడు జాగ్రత్తలు తప్పనిసరి. మొదటిది సర్కారు తుమ్మ. చెరువుల చుట్టూ అల్లుకుపోయిన ఈ ముళ్లచెట్టు టైరుకు ప్రధాన శత్రువు. అదనపు ట్యూబు, పంచరు సామగ్రి, గాలి పంపు లేకుండా కట్ట ఎక్కడం తెలివైన పని కాదు. రెండవది అలుగు. కట్ట ఎక్కడ ముగిసి అలుగు మొదలవుతుందో దూరం నుండి తెలియదు; అక్కడా, తూముల వద్దా దిగి నడిపించుకుని పోవాలి. మూడవది వాన. ఈ జిల్లాలో అక్టోబరు మొదలు డిసెంబరు వరకు ఈశాన్య రుతుపవనాల కాలం. తడిసిన కట్ట మీద చక్రాలు చాళ్లు చేస్తే, ఆ చాళ్లలో నీరు పారి కట్ట కోతకు గురవుతుంది. ఒకరి వినోదం ఊరి నీటికి ముప్పు కారాదు. వానలు వెనుకబట్టి నేల ఆరిన జనవరి, ఫిబ్రవరి నెలలే కొత్తవారికి అనువైన కాలం. మార్చి దాటితే ఎండ తీవ్రత దృష్ట్యా ఉదయం 9 గంటలలోపే తిరిగి రావడం శ్రేయస్కరం.

ఆకర్షించే దారులు, అనువుకాని దారులు

జిల్లాలో కొండలంటే పలువురికి తొలుత గుర్తుకు వచ్చేవి వత్తల్మలై మలుపులు, తొప్పూరు ఘాటు, హొగేనక్కల్ అడవి దారి. ఈ మూడూ కొత్తవారికి తగనివే. 44వ జాతీయ రహదారి మీద ధర్మపురికీ సేలానికీ మధ్యనున్న తొప్పూరు ఘాటు భారీ లారీల ప్రమాదాలకు పేరుపడిన చోటు. అక్కడ సైకిలు తొక్కడం సాహసం కాదు, అవివేకం. వత్తల్మలై వంటి కొండ దారులలో ఎక్కడం కంటె దిగడమే ఎక్కువ ప్రమాదకరం.

ఈ విషయంలో కొండ సైకిలు పుట్టుక చరిత్రే ఒక హెచ్చరిక. 1970వ దశకంలో అమెరికాలోని కాలిఫోర్నియాకు చెందిన కొందరు యువకులు పాత సైకిళ్లను ట్రక్కులలో కొండపైకి చేరవేసి, అక్కడినుండి మట్టిదారుల వెంట కిందికి దూకించేవారు. 1976లో మొదలైన వారి పోటీకి ‘రీప్యాక్’ అని పేరు వచ్చింది. ఒక్కసారి దిగేసరికి బ్రేకు వేడెక్కి, చక్రపు ఇరుసులోని గ్రీజు కాలిపోయి, దానిని మళ్లీ కూరవలసి రావడమే ఆ పేరుకు కారణం. ఆరితేరినవారి బ్రేకులకే ఆ గతి పట్టినప్పుడు, సాధారణ సైకిలుతో కొండ మలుపులు దిగే విద్యార్థి పరిస్థితిని ఊహించవచ్చు.

హొగేనక్కల్ విషయం వేరు. పెన్నాగరం దాటిన తరువాత వచ్చే అడవి ఏనుగుల సంచారం గల ప్రాంతం. తమిళనాడు ప్రభుత్వం 2022 నవంబరులో ధర్మపురి, కృష్ణగిరి జిల్లాలలోని 686 చదరపు కిలోమీటర్ల అడవిని కావేరి దక్షిణ వన్యప్రాణి అభయారణ్యంగా ప్రకటించింది. 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం ప్రకారం అభయారణ్యం గుండా పోయే ప్రజా రహదారి మీద ప్రయాణించవచ్చు గాని, అనుమతి లేకుండా రహదారి వదలి అడవి బాట పట్టడం నేరం. ఆ బాట ఎంత అందంగా కనిపించినా సైకిలిస్టుకు అది మూసిన తలుపే.

అడవి అంచు పొలాలలోనూ అప్రమత్తత అవసరం. 2023 మార్చిలో మారండహళ్లి సమీపాన అక్రమంగా వేసిన విద్యుత్తు కంచె తగిలి మూడు ఏనుగులు మరణించిన సంగతి విదితమే. ఏనుగును చంపిన తీగ మనిషిని వదలదు. చీకటి వేళల్లో పొలం గట్ల మీద సైకిలు తొక్కరాదన్న నియమానికి ఇంతకుమించిన సమర్థన అక్కరలేదు.

బస్సు దారికి గంట నడకలో

ఈ పరిస్థితులలో విహారాన్ని ఎట్లా రూపొందించుకోవాలి? సూత్రం సరళమైనదే. దారిలో ఏ చోటనైనా సరే, బస్సు తిరిగే రోడ్డు 4 కిలోమీటర్లకు మించిన దూరంలో ఉండకూడదు. పంచరైన సైకిలును నడిపించుకుంటూ పోయే మనిషి గంటకు దాటగలిగే దూరం అంతే. ఆ లెక్కన చెట్టికరై నుండి బయలుదేరే కొత్తవారు, ఒక బస్సు దారి వద్ద మొదలై మరొక బస్సు దారి వద్ద ముగిసే 12 నుండి 15 కిలోమీటర్ల బండిబాటను ఎంచుకోవాలి. వెళ్లేటప్పుడు ఎదురుగాలిని, ఎత్తును భరించి, వచ్చేటప్పుడు వాలును అనుభవించేటట్లు దిశను నిర్ణయించుకుంటే అలసట సమంగా పంచబడుతుంది. మనిషికి 2 లీటర్ల నీరు, కనీసం ఇద్దరు తోడు, ఇంటివారికి తెలిపిన దారి, చివరి బస్సు సమయం అనే నాలుగూ అమరిన తరువాతే పెడలు మీద కాలు మోపాలి.

కొంత అనుభవం గడించినవారికి రైలు మరొక అవకాశాన్ని కల్పిస్తున్నది. సేలం నుండి ఓమలూరు, ధర్మపురి, పాలక్కోడు, రాయకోట, హోసూరు మీదుగా బెంగళూరు చేరే మార్గం దక్షిణం నుండి ఉత్తరానికి ఎక్కుతూ పోతుంది. ధర్మపురి సముద్రమట్టానికి సుమారు 1,500 అడుగుల ఎత్తున ఉంటే, హోసూరు దాదాపు 2,900 అడుగుల ఎత్తున ఉన్నది. ఎక్కడం రైలుకు అప్పగించి, పాలక్కోడు నుండి పగటి వేళ ఊళ్ల మీదుగా ధర్మపురికి తిరిగి వస్తే ఎత్తు భారం తగ్గుతుంది.

అయితే కాగితం మీద ఇంపుగా ఉన్న ఈ ఆలోచన స్టేషనులో చిక్కులో పడుతుంది. రైల్వే నిబంధనల ప్రకారం సైకిలును సామాన్ల పెట్టెలో బుక్ చేయవచ్చు. కాని ఆ పెట్టె ఆ రైలుకు ఉండాలి. పార్సిలు కార్యాలయం ఆ స్టేషనులో ఉండాలి. దింపేందుకు సరిపడా సేపు బండి ఆగాలి. చిన్న స్టేషన్లలో ఈ మూడూ ఒకచోట కలవడం దుర్లభం.

బస్సు సంగతి అంతకంటె గమనార్హం. పూర్వం బస్సు వెనుక ఇనుప నిచ్చెన, పైన సామాన్ల కటకటాలు ఉండేవి. కూరగాయల గంపలతో పాటు సైకిలూ పైకెక్కేది. నేటి బస్సులలో ఆ ఏర్పాటు కనుమరుగవుతూ వచ్చింది. మరోవైపు 2021 మే నెల నుండి తమిళనాడు సాధారణ పట్టణ బస్సులలో స్త్రీలకు ప్రయాణం ఉచితమైంది. బడికి, పనికి వెళ్లే లక్షలాది స్త్రీలకు అది పెద్ద ఊరట. కాని పాఠశాల నుండి ఉచితంగా సైకిలు పొందిన బాలిక, ఉచితంగా ఎక్కగలిగిన బస్సులో ఆ సైకిలును తీసుకుపోలేదు. రెండు మంచి పథకాలు పక్కపక్కనే ఉండి కూడా ఒకదానినొకటి కలుసుకోవడం లేదు. సైకిలు ఎక్కేదీ లేనిదీ కండక్టరు దయ మీద ఆధారపడినప్పుడు, దానిని ప్రయాణ ప్రణాళిక అనలేము.

ఇతరులు చేసినది, మనం చేయగలిగినది

డెన్మార్క్ రాజధాని కోపెన్‌హేగన్‌లో 2010 నుండి సబర్బన్ రైళ్లలో సైకిలుకు ఛార్జీ లేదు. పెట్టెలలో ప్రత్యేక స్థలం కూడా కేటాయించారు. అంత దూరం పోనక్కరలేదు. కేరళలోని కొచ్చి మెట్రో 2020 నవంబరులోనే రైళ్లలో సైకిళ్లను అనుమతించింది. హైదరాబాదులో 2023 అక్టోబరులో బాహ్యవలయ రహదారి పక్కన సౌర ఫలకాల పైకప్పుతో 23 కిలోమీటర్ల సైకిలు బాట ప్రారంభమైంది. నగరాలకు ఇటువంటి సౌకర్యాలు అందుతున్నప్పుడు, జిల్లాలకు వాటిలో పదవ వంతైనా ఎందుకు అందరాదు?

కిక్కిరిసిన బస్సులో మనుషులకే చోటు లేదు, సైకిలుకెక్కడిదన్న అభ్యంతరం వినవచ్చు. అది న్యాయమైనదే. సంతకు కూరగాయలు తెచ్చే రైతు గంపను తొలగించి విహారానికి పోయేవారి సైకిలును ఎక్కించమని ఎవరూ కోరరాదు. కోరదగినది అంతకంటె చాలా చిన్నది. ఆదివారాలలో రద్దీ లేని కొన్ని ట్రిప్పులలో, ముందు చక్రం విప్పిన రెండు మూడు సైకిళ్లను నిర్ణీత సామాను ఛార్జీకి అనుమతిస్తామని రవాణా సంస్థ వ్రాతపూర్వకంగా ప్రకటించి, బస్సు నిలయంలో పట్టిక అంటిస్తే చాలు. దీనికి కొత్త బస్సులు అక్కరలేదు, ఒక ఉత్తరువు సరిపోతుంది. ఇరుగుపొరుగు రాష్ట్రాల సంస్థలు కూడా ఇదే నియమాన్ని పాటిస్తే కుప్పం, హోసూరు, కృష్ణగిరి, ధర్మపురి వంటి సరిహద్దు ప్రాంతాల ప్రజలకు ఒకే పద్ధతి అలవడుతుంది.

దారుల గుర్తింపు విషయంలోనూ మార్గం సిద్ధంగా ఉన్నది. 2018 మార్చిలో తేని జిల్లా కురంగణి అడవిలో మంటలు చెలరేగి పర్వతారోహకులు పలువురు మరణించిన పిమ్మట, తమిళనాడు ప్రభుత్వం అదే సంవత్సరం పర్వతారోహణకు నిబంధనలు రూపొందించింది. 2024 అక్టోబరులో రాష్ట్రవ్యాప్తంగా 40 నడక దారులను సులభం, మధ్యస్థం, కఠినం అని వర్గీకరించి, ముందస్తు నమోదుతో తెరిచింది. నడకకు చేసిన ఈ పనిని సైకిలుకు చేయడం అసాధ్యం కాదు. పైగా కట్టలు, బండిబాటలు అడవిలోనివి కావు. పంచాయతీలు, నీటి వనరుల శాఖ కలసి తమ పరిధిలోని అనువైన కట్టలను గుర్తించి, అలుగు ఎక్కడున్నదో, సమీపపు బస్సు రోడ్డు ఎంత దూరమో తెలిపే చిన్న బోర్డు పెడితే, అదే ఆకుపచ్చ వృత్తమవుతుంది.

మొరప్పూరు, ధర్మపురి రైలు మార్గాన్ని ఇక్కడ ప్రస్తావించక తప్పదు. 1906లో ప్రారంభమై 1941లో మూతపడిన ఈ చిన్నగేజి మార్గం స్థానంలో 36 కిలోమీటర్ల కొత్త మార్గానికి 2019లో శంకుస్థాపన జరిగింది. భూసేకరణ చిక్కుల వలన పని జాప్యమైనా, ఆ జాప్యంలోనే ఒక అవకాశమున్నది. స్టేషన్ల నమూనాలు గీసేటప్పుడే సైకిళ్లు నిలిపే చోటును, ప్లాట్‌ఫారమ్ చేర్చే వాలు దారిని కలిపితే ఖర్చు స్వల్పం. కట్టిన తరువాత పగులగొట్టి చేర్చాలంటే అది మరొక ఉద్యమమవుతుంది.

తెలుగు, తమిళ, కన్నడ పలుకుబళ్లు పాపిరెడ్డిపట్టి, మారండహళ్లి వంటి ఊరి పేర్లలోనే కలగలసిన నేల ఇది. పక్క ఊరి చెరువును, గుడిని, భాషను దగ్గరగా చూసేందుకు సైకిలంత మంచి వాహనం లేదు. అందుకు కావలసిన సైకిలును ప్రభుత్వమే ఇచ్చింది. గట్టును పూర్వులు వేసి పెట్టారు. ఇక మిగిలినది తిరుగు బస్సులో ఒక మూల చోటు. ఆ చోటును కండక్టరు దయకు వదలక నియమంగా మార్చవలసిన బాధ్యత రవాణా సంస్థలది. దానిని అడగవలసిన బాధ్యత మాత్రం పౌరులది, ముఖ్యంగా విద్యాసంస్థలది.