ఫ్రీమేసన్ల కులపురాణం

ఢిల్లీలోని మునిర్కా ఊరి సందుల్లో సివిల్స్‌కి చదువుకునే తెలుగు కుర్రాళ్లు చాలామంది గదులు తీసుకుని ఉంటారు. రాత్రి భోజనాలయ్యాక టీ కొట్టు దగ్గర చేరితే, కరెంట్ అఫైర్స్ అయిపోయాక వచ్చే టాపిక్ ఇల్యుమినాటి. త్రికోణంలో కన్ను, డాలరు నోటు, ఫ్రీమేసన్లు, సైతాను పూజ. యూట్యూబ్‌లో చూసిందంతా ఒకడు చెబుతుంటే మిగతావాళ్లు చెవులప్పగించి వింటారు. ఇవతల డీడీఏ ఫ్లాట్లలో మా పై అంతస్తులో ఉండే కాకినాడ ఇంజినీరు గారు నిజంగానే మేసన్, అంటే ఫ్రీమేసన్ల సంఘంలో సభ్యుడు. రిటైరయ్యారు. జన్‌పథ్‌లోని ఫ్రీమేసన్స్ హాలుకి నల్లకోటు వేసుకుని, ఏప్రాన్ పెట్టుకునే పలచటి తోలు పెట్టె పట్టుకుని వెళ్తారు. ఆయన్ని కదిపితే ఇంకో కథ చెబుతారు: "బైబిల్లో సొలొమోను రాజు గుడి కట్టిననాటి సంప్రదాయమండీ మాది. మూడు వేల ఏళ్లు!"

సైతాను అన్నవాడి దగ్గర ఆధారం లేదు. సొలొమోను అన్నాయన దగ్గరా లేదు.

మొదటిదాని సంగతి తొందరగానే తేలుతుంది. మేసన్లు సైతానుని కొలుస్తారని ఫ్రాన్సులో పుస్తకాల మీద పుస్తకాలు రాసి అమ్ముకున్న లియో టాక్సిల్, 1897 ఏప్రిల్ 19న పారిస్‌లో సభ పెట్టి మరీ అదంతా తన కల్పనేనని ఒప్పేసుకున్నాడు. అతను చేతులు దులుపుకున్నా కథ మాత్రం చావలేదు, మునిర్కా దాకా వచ్చింది.

రెండోది పెద్దమనుషులు నమ్మేది కాబట్టి కాస్త నిదానంగా చూడాలి. కాగితాలు చెప్పేది ఇదీ. 1717 జూన్ 24న లండన్‌లో సెయింట్ పాల్స్ చర్చి దాపున, గూస్ అండ్ గ్రిడైరన్ అనే బీరు దుకాణంలో నాలుగు లాడ్జీలవాళ్లు (లాడ్జి అంటే మేసన్ల స్థానిక సంఘం) కూడి, వాటన్నిటికీ పైసంఘంగా గ్రాండ్ లాడ్జి పెట్టుకున్నారు. ఆ తేదీ కూడా తర్వాత అల్లిందేనని, అసలు సంగతి 1721లో జరిగిందని ఇప్పుడు కొందరు చరిత్రకారులు వాదిస్తున్నారు. 1723లో జేమ్స్ ఆండర్సన్ అనే స్కాట్లండ్ పాస్టరు వాళ్లకి నియమావళి రాసిపెట్టాడు. అందులో మేసన్ల చరిత్రని ఆదాముతో మొదలుపెట్టాడు.

ఆండర్సన్‌ది పూర్తిగా సొంత కవిత్వం కాదు. మేసన్ అంటే అసలు రాళ్లు చెక్కే పనివాడే. అంతకు మూడు వందల ఏళ్ల ముందే ఇంగ్లండులో ఆ పనివాళ్ల దగ్గర రాతప్రతులున్నాయి. సుమారు 1400 నాటి రీజియస్ ప్రతిలో ఈ విద్యని ఈజిప్టులో యూక్లిడ్ నేర్పాడనీ, ఇంగ్లండుకి ఏథెల్‌స్టన్ రాజు కాలంలో వచ్చిందనీ, ఆ రాజే పనివాళ్లని సమావేశపరిచి కట్టుబాట్లు పెట్టాడనీ ఉంటుంది. మనకి ఇది కొత్తేం కాదు. పద్మశాలీలకి మార్కండేయుడు, భావనారుషి ఉన్నారు. తెలంగాణలో కూనపులివాళ్లు బారెడు బొమ్మల పటం విప్పి ఆ కథ చెప్పి తమ వాటా పుచ్చుకునేవాళ్లు. విశ్వబ్రాహ్మణులకి విశ్వకర్మ ఉన్నాడు. చేతిపనితో బతికే కులం ప్రతిదీ దేవుడిదాకానో రాజుదాకానో ఒక నిచ్చెన వేసుకుంది. ఇంగ్లండు రాతిపనివాళ్లు వేసుకున్నదీ ఆ నిచ్చెనే. అవసరమూ అలాంటిదే. 1351 చట్టం వాళ్ల కూలీకి గరిష్ఠ పరిమితి పెట్టింది, 1425 చట్టం వాళ్లు ఏటా సమావేశాలు జరుపుకోవడాన్నే నిషేధించింది. "మాకు ఏథెల్‌స్టన్ రాజే అనుమతి ఇచ్చాడు" అని చెప్పుకోవడం ఆ రోజుల్లో ఎంత పనికొచ్చే మాటో ఊహించుకోవచ్చు. కూలివాడు కడుపు కోసం చెప్పుకున్న పురాణమంటే నాకు కోపం రాదు.

తర్వాత ఉలి పట్టనివాళ్లు వచ్చి చేరారు. ఎలియాస్ ఆష్మోల్ అనే పండితుడు 1646లో వారింగ్టన్‌లో మేసన్ అయినట్టు తన డైరీలోనే రాసుకున్నాడు. క్రమంగా రాతిపనివాడు వెళ్లిపోయాడు, పురాణం దొరల చేతికొచ్చింది. దొరలు దాన్ని పెంచారు.

పెంచడమంటే ఎలాగో హైరాం కథలో చూడొచ్చు. మేసన్లు ఎక్కే మూడో మెట్టులో, అంటే మూడో డిగ్రీలో, నాటకంలాంటి తంతు ఒకటి ఉంది. సొలొమోను గుడి కట్టిన ప్రధాన శిల్పి హైరాంని ముగ్గురు పనివాళ్లు రహస్యం చెప్పమని బెదిరించి చంపేస్తారు. చేరే సభ్యుడే హైరాం వేషం కట్టి కింద పడాలి, తర్వాత లేవాలి. బైబిల్లో రాజుల మొదటి గ్రంథం తీసి చూడండి. తూరు నుంచి వచ్చిన హీరాము ఉన్నాడు. నఫ్తాలి గోత్రపు విధవరాలి కొడుకు, ఇత్తడి పనివాడు. అతన్ని చంపినట్టు ఎక్కడా లేదు, తన పని పూర్తి చేశాడనే ఉంది. ఈ హత్య కథ మొదటిసారి పూర్తిగా అచ్చులో కనిపించేది 1730లో శామ్యూల్ ప్రిచర్డ్ బయటపెట్టిన పుస్తకంలో. మూడో డిగ్రీయే 1720లలో పుట్టుకొచ్చింది.

ఇక అర్థాలు. కొత్తగా చేరేవాడి కళ్లకి గంతలు కడతారు. మెడలో తాడు వేస్తారు. ఎడమ మోకాలు కనబడేలా ప్యాంటు మడిచి, ఎడమ రొమ్ము కనబడేలా చొక్కా తప్పించి, కుడికాలి బూటు విప్పించి స్లిప్పరు తొడుగుతారు. ఉంగరం, వాచీ, జేబులో చిల్లర అన్నీ తీయిస్తారు. గుమ్మంలో గుండెకి కత్తిమొన ఆనిస్తారు. లోహం ఎందుకు తీసేయాలని మా ఇంజినీరు గారిని అడిగాను. సొలొమోను గుడి కట్టేటప్పుడు ఇనుప పనిముట్టు చప్పుడు వినబడలేదు కాబట్టి అన్నారు. కాసేపాగి, అందరూ పేదవాడిలా రావాలి కాబట్టి అన్నారు. ఆయుధం తేకుండా అన్నది మూడోది. ఒక పనికి మూడు కారణాలు చెప్పారంటే, పని ముందు పుట్టి కారణాలు తర్వాత వచ్చాయన్నమాట. పిలక ఎందుకంటే విద్యుత్తు అనీ, బొట్టు ఎందుకంటే నాడీకేంద్రం అనీ మన టీవీల్లో చెప్పే శాస్త్రులదీ ఇదే దారి.

"ఒక్క మాట తప్పకూడదు, అనాదిగా వస్తున్న పాఠం" అని ఆయన కష్టపడి వల్లె వేస్తారు. ఆ అనాది పాఠం వయసు చెప్పనా? 1751లో లండన్‌లో రెండో గ్రాండ్ లాడ్జి పుట్టింది. వెనక వచ్చిన వీళ్లు తమని 'ప్రాచీనులు' అనుకుని, ముందునుంచీ ఉన్నవాళ్లకి 'ఆధునికులు' అని పేరు పెట్టారు. అరవై ఏళ్లు కొట్టుకుని 1813 డిసెంబరులో కలిసిపోయారు. ఎవరి తంతు ఉంచాలో, ఏది తీసేయాలో తేల్చడానికి ఒక ప్రత్యేక లాడ్జిని నియమిస్తే, అది 1816 దాకా కూర్చుని పాఠం కుదిర్చింది. కమిటీ తీర్మానమన్నమాట. గొంతు కోస్తాం, నాలుక పీకుతాం లాంటి శిక్షలని ప్రమాణంలోంచి 1986లో ఇంగ్లండువాళ్లే తీసేశారు.

ఇవన్నీ నేను కనిపెట్టినవి కావు. చాలావరకు మేసన్లే తవ్వి తీశారు. 1884లో లండన్‌లో క్వాటర్ కొరొనాటి అనే పరిశోధక లాడ్జికి అనుమతి తెచ్చుకుని, తమ పురాణాన్ని తామే రాతప్రతులతో పరీక్షించుకోవడం మొదలుపెట్టారు. మన స్థలపురాణాలకి ఆ దేవస్థానాలవాళ్లే ఇలాంటి పరీక్ష పెట్టడం నేను చూడలేదు. ఆ మేరకు మేసన్లకి దండం పెట్టాల్సిందే. ఇంకో మాట. 'ఏజ్ ఆఫ్ రీజన్' రాసిన థామస్ పెయిన్ అంతటివాడు ఫ్రీమేసన్రీ పుట్టుక గురించి ఒక వ్యాసం రాసి, అది ప్రాచీన బ్రిటన్ పూజారులైన డ్రూయిడ్ల సూర్యారాధన నుంచి వచ్చిందన్నాడు. ఆధారం సున్నా. హేతువాది కలం నుంచి వచ్చినంత మాత్రాన పురాణం చరిత్ర అయిపోదు.

గట్టిగా అడిగితే మా ఇంజినీరు గారూ దిగొస్తారు. "అది చరిత్రని ఎవరన్నారండీ, నీతికథ. చావుని ఎదుర్కోవడం నేర్పుతుంది." బాగానే ఉంది. మరి నిన్న మూడు వేల ఏళ్లన్నారే? చేరబోయేవాడికి ప్రాచీనత, నిలదీసినవాడికి ప్రతీక. ఈ రెండు నాలుకల ధోరణి మీదే నా ఫిర్యాదు.

నీతికథ అయితే నీతిని లెక్కచూద్దాం. లాడ్జిలో అందరూ సమానమనడానికి రసమట్టం గుర్తు. అదే బెంగాల్లో, ఆసియావాళ్లని చేర్చుకోవాలంటే పైవాళ్ల ప్రత్యేక అనుమతి కావాలన్న నిబంధన ఉండేది. ప్రసన్నకుమార్ దత్ అనే కలకత్తా వర్తకుడు 1863లో అర్జీ పెడితే, 1872కి గాని లోపలికి రానివ్వలేదు. ఆ 1872లోనే హైదరాబాదులో తానీషా కట్టించిన గోషామహల్ బారాదరి మేసన్ల చేతికొచ్చింది. తలుపులు మూసుకుని లోపల ఏం చేస్తున్నారో తెలియక ఉత్తరాది జనం లాడ్జీలకి జాదూఘర్ అని పేరు పెట్టారు. కిప్లింగ్ 'కిమ్' నవలలోనూ ఆ పేరుంది. దాపరికం ఎక్కడుంటే దయ్యం అక్కడ పుడుతుంది, టీ కొట్టు ఇల్యుమినాటికి కొంత పెట్టుబడి మేసన్లదే.

1961లో ఏర్పడ్డ గ్రాండ్ లాడ్జి ఆఫ్ ఇండియాలో గీత, ఖురాన్, బైబిలు, గ్రంథ్ సాహిబ్ పక్కపక్కన పెడతారు. చూడముచ్చటైన దృశ్యం, కాదనను. కానీ దేవుణ్ణి నమ్మనివాడికి ప్రవేశం లేదు, ఆడవాళ్లకి లేదు. ఫ్రాన్సులో గ్రాండ్ ఓరియంట్ అనే మేసన్ల పైసంఘం 1877లోనే దేవుడి షరతు కొట్టేసింది. ఇంగ్లండువాళ్లు అప్పుడే వాళ్లతో సంబంధం తెంచుకున్నారు. ఆడవాళ్లని చేర్చుకునే శాఖ 1893లో పారిస్‌లో పుట్టింది, అనీబిసెంట్ దాన్ని ఇండియాకి తెచ్చింది. తంతు మనుషులు రాసుకున్నదే కాబట్టి మనుషులు మార్చుకున్నారు. మిగతా లాడ్జీలకి అడ్డం ఏమిటో నాకు అర్థం కాదు.

జన్‌పథ్, గోషామహల్ పెద్దలకి ఒక్క మనవి. మీ పాస్‌వర్డులు, షేక్‌హ్యాండ్లు మాకు అక్కర్లేదు, అవి 1730 నుంచే అచ్చులో ఉన్నాయి. గోషామహల్‌లో మొదటి తెలుగువాడు ఎప్పుడు చేరాడు, ఎవరెవరి అర్జీలు తిరగ్గొట్టారు, నిజాం కొలువులో ఎవరెవరు సభ్యులు? ఈ సంగతులున్న పాత మినిట్స్ పుస్తకాలు అడిగిన పరిశోధకుడి ముందు పెట్టండి.