నంది జరిగింది, తలుపు తెరుచుకోలేదు

దేవుడి మహిమ అనగానే మనవాళ్ళు చెంపలేసుకుంటారు. సరే. వేసుకునే ముందు ఒక్క మాట అడగండి: ఆ మహిమ జరిగాక ఎవరి బతుకు మారింది?

నందనారు కథ 12వ శతాబ్దంలో శేక్కిళారు రాసిన తమిళ పెరియపురాణంలో ఉంది. ఆదనూరు పులయవాడ మనిషి. గుళ్ళో డోళ్ళకి తోలు, వీణలకి నరాల తీగలు ఇచ్చేవాడు. ఆయన శుద్ధిచేసిన తోలు లోపల మోగుతుంది, ఆయన మాత్రం బయటే. తిరుప్పుంగూరులో శివుణ్ణి చూద్దామంటే నంది అడ్డం. శివుడు జాలిపడి నందిని పక్కకు జరగమన్నాడట, రాతి నంది జరిగిందట! అయ్యా, అంత రాయిని జరిపినవాడు "లోపలికి రా నాయనా" అని ఒక్క మాట అనలేకపోయాడా? నంది కంటే ఆ మాట బరువా?

చిదంబరంలో ఇంకా ఘోరం. కల్లో కనపడి నిప్పులో దిగి రమ్మన్నాడు. గుండం పేర్చమని బ్రాహ్మలకీ చెప్పాడు. నందనారు దిగాడు, జంధ్యంతో మునిలా లేచాడు, గుళ్ళోకి పోయి మాయమయ్యాడు. దీన్ని భక్తి అని పాడుకుంటారు. నేను లెక్కల పంతుల్ని, లెక్కే చూస్తాను. లోపలికి పోయింది బ్రాహ్మడు. పులయవాడు నిప్పులోనే మిగిలాడు. బాబాసాహెబ్ అంటరానివారి పుట్టుక మీద 1948లో అచ్చయిన తన పుస్తకాన్ని నందనారు, రవిదాసు, చోఖామేళాలకు అంకితమిచ్చారు. ఆయన తలచుకున్నది మనుషుల్ని, మంటని కాదు.

ఉత్తరకాండ మహిమ వినండి. బ్రాహ్మడి పిల్లాడు చచ్చిపోతే కారణం ఎక్కడో శూద్రుడు తపస్సు చేయడమేనట. రాముడు శంబూకుడి తల నరికాడు, ఆ క్షణానే పిల్లాడు లేచాడు. మన తలకాయ వాళ్ళ పిల్లాడికి మందు! పాత కథేలే అనకండి. ఊళ్ళో జ్వరాలొస్తే చేతబడి, బాణామతి అని పేదవాణ్ణి పట్టుకుని పళ్ళు రాలగొట్టేది ఈ వైద్యంతోనే.

"మన పల్లెలో చర్చి ఉందిగా" అంటారు కొందరు. ఉంది. మత్తయి 8వ అధ్యాయం తీయండి. శతాధిపతి దాసుణ్ణి ఏసు దూరం నుంచి మాటతోనే బాగుచేశాడు. కుష్ఠురోగిని మాత్రం చెయ్యి చాపి ముట్టుకున్నాడు. ముట్టుకోనక్కర్లేదు, అయినా ముట్టుకున్నాడు. జబ్బు పోవడం కంటే నాకు ఆ ముట్టుకోవడమే పెద్దది. స్వస్థత సభల్లో ఇది చెప్పరు. టీబీ మాత్రలు మానేసి నూనె రాసుకోమనే పాస్టర్లూ ఉన్నారు. సర్కారు దవాఖానలో మాత్రలు ఉచితం. మధ్యలో మానేస్తే జబ్బు మొండికేస్తుంది. వీళ్ళనీ నిలదీయాలి.

1995 సెప్టెంబరు 21న వినాయకుడు పాలు తాగాడని దేశమంతా చెంచాలు పట్టుకుని బారులు తీరింది. శాస్త్రవేత్తలు పాలల్లో రంగు కలిపి చూపించారు, విగ్రహం వెంట సన్నగా కిందికి కారుతున్నాయని. తాగిన దేవుడు లేడు, నేలపాలైన పాలున్నాయి.

1927 మార్చి 20న మహద్‌లో మనవాళ్ళు చవదార్ చెరువు నీళ్ళు తాగారు. ఏ నందీ జరగలేదు, వాళ్ళే నడిచి వెళ్ళారు. తలలు పగిలాయి. తర్వాత సవర్ణులు పేడ, మూత్రం, పాలు, పెరుగు కుండలతో పోసి చెరువుని శుద్ధి చేశారు! బొంబాయి హైకోర్టు మనవైపు తీర్పు చెప్పేసరికి 1937 వచ్చింది.

రేపు రామాలయం చందాకి పల్లెలోకి వస్తారు. రసీదు రాస్తుండగానే అడగండి: "పేరు లోపలికి రాసుకున్నారు, కాలు లోపలికి పెట్టనిస్తారా?"