నాన్న ఇస్తున్న ఎదురు జీతం

కొడుక్కి బెంగళూరులో ఉద్యోగం వచ్చిందని బజారంతా స్వీట్లు పంచిన తండ్రి, ఆర్నెల్లు తిరక్కుండానే నెలాఖరుకల్లా ఆ కొడుక్కే ఫోన్‌పే చేస్తున్నాడు. ఒక నెల నాలుగు వేలు, ఒక నెల ఎనిమిది. చిలకలూరిపేటలో, కదిరిలో, పాలకొండలో, సూర్యాపేటలో ఇలాంటి ఇళ్ళు లెక్కలేనన్ని. పైకి చెప్పుకోరు. అబ్బాయికి ఎంతొస్తుందని చుట్టాలు అడిగితే ఏడాది ప్యాకేజీ చెబుతారు, తాము పంపేది మాత్రం కడుపులోనే దాచుకుంటారు. ఆ దాపరికం ఇక చాలు. ఆ తండ్రి తన బిడ్డకు సాయం చేస్తున్నాననుకుంటున్నాడు. కాదు. ఏటా వేల కోట్ల లాభం చూపించే కంపెనీకి, మిరప చేను మీద వచ్చిన డబ్బు తీసి ఎదురు జీతం ఇస్తున్నాడు. కంపెనీ ఇవ్వకుండా మిగుల్చుకున్నది ఆయన జేబులోంచి పోతోంది.

లెక్క వేయండి. పెద్ద ఐటీ సర్వీసు కంపెనీలు కాలేజీ నుంచి నేరుగా తీసుకునే ఇంజనీరుకి ఇచ్చేది ఏడాదికి 3.5 లక్షల చుట్టూ. పదేళ్ళ కిందట దాదాపు ఇంతే, ఇప్పుడూ దాదాపు ఇంతే. ఆ 3.5 లక్షల్లోనే కంపెనీ కట్టాల్సిన పీఎఫ్ వాటా ఉంటుంది, గ్రాట్యుటీ ఉంటుంది, ఇస్తారో ఇవ్వరో తెలియని వేరియబుల్ పే ఉంటుంది. అవన్నీ పోను చేతికి 24, 25 వేలు. మారతహళ్ళిలో ముగ్గురు పడుకునే గదిలో ఒక మంచానికి ఎనిమిది, తొమ్మిది వేలు. ఆఫీసు క్యాంటీన్లో మధ్యాహ్నం తిండికి రెండు వేలు పైన. రాకపోకలకు రెండున్నర. ఫోను, సబ్బులు, మందులు కలిపి రెండు. నెలకోసారి ఇంటికొచ్చి పోతే ఇంకో రెండు. ఎడ్యుకేషన్ లోన్ కిస్తీ ఆరు, ఏడు వేలు. ఇక మిగిలిందేమిటి? ఒక్క జ్వరం వస్తే, ఒక్క స్నేహితుడి పెళ్ళి పడితే, ఒక్క ఫోను పగిలితే నాన్నకు ఫోన్ చేయాలి.

ఈ పదేళ్ళలో పెరగనిది ఆ పిల్లల మొదటి జీతం ఒక్కటే. 2025 ఫిబ్రవరిలో బెంగళూరు మెట్రో గరిష్ఠ ఛార్జీ 60 రూపాయల నుంచి 90కి పెరిగింది. అదే ఏడాది మేలో హైదరాబాద్ మెట్రోలో 60 కాస్తా 75 అయింది, జనం గోల చేశాక 69కి దిగింది. జీతం సంగతో? 2023 ఫిబ్రవరిలో విప్రో, 6.5 లక్షలకు తీసుకుంటామని చెప్పిన ఫ్రెషర్లనే 3.5 లక్షలకు చేరతారా అని అడిగింది. ఇచ్చిన మాటలో దాదాపు సగం కోసేసి, ఒప్పుకుంటే రండి అన్నారు. నెలల తరబడి జాయినింగ్ కోసం ఎదురుచూసి అలసిపోయిన పిల్లలు ఏం చేస్తారు? తలలూపారు. ఇంటి దగ్గర చుట్టాలకు అప్పటికే చెప్పేశారు మరి.

పీజీ వదిలి నలుగురు కలిసి ఇల్లు తీసుకుందామంటే అదొక యుద్ధం. 2021లో కేంద్రం తెచ్చిన నమూనా అద్దె చట్టం, నివాసానికైతే రెండు నెలల అద్దెకు మించి అడ్వాన్స్ తీసుకోకూడదంది. బెంగళూరులో ఇప్పటికీ ఐదు నెలలు, ఆరు నెలలు, కొన్నిచోట్ల పది నెలల అద్దె ముందే పెట్టమంటున్నారు. ఖాళీ చేసేటప్పుడు పెయింటింగ్ పేరుతో ఒక నెల అద్దె పట్టుకుంటారు. బ్రోకరుకి ఇంకో నెల. పాతికవేల ఇంటికి ఇవన్నీ కలిపితే లక్షన్నర దాటుతుంది. ఆ లక్షన్నర కోసం ఊళ్ళో అమ్మ మెడలోది బ్యాంకుకెళ్తుంది. హైదరాబాదులో అడ్వాన్స్ తక్కువ, కానీ టు-లెట్ బోర్డు కింద ‘బ్యాచిలర్స్‌కు ఇవ్వబడదు’, ‘వెజిటేరియన్స్ ఓన్లీ’ అనే రెండు ముక్కలతో సగం ఇళ్ళ తలుపులు మూసుకుపోతాయి. ‘మీరేమిట్లు?’ అని అడిగే ఓనరు మాదాపూర్‌లోనూ ఉన్నాడు. 2024 వేసవిలో బెంగళూరులో బోర్లెండి, అపార్టుమెంట్లు ట్యాంకర్ల కోసం బారులు తీరినప్పుడు అంత అద్దె కట్టినవాళ్ళు కూడా స్నానానికి నీళ్ళు లెక్కపెట్టుకున్నారు.

నగరంలోనే పని జరుగుతుంది కాబట్టి ఇవన్నీ తప్పవంటారు. ఈ మాట అబద్ధమని 2020లోనే తేలిపోయింది. ఆ ఏడాది మార్చిలో హాస్టళ్ళు ఖాళీ చేయించారు. పిల్లలు సంచులు సర్దుకుని నరసరావుపేటకీ, జగిత్యాలకీ, ఇచ్ఛాపురానికీ వచ్చేశారు. డాబా మీద సిగ్నల్ పట్టుకుని, ఇన్వర్టర్ పక్కన కూర్చుని, రాత్రి రెండింటికి అమెరికా వాడితో కాల్స్ మాట్లాడారు. రెండేళ్ళు. ఏ ప్రాజెక్టు ఆగింది? ఏ కంపెనీ మూతపడింది? ఆ రెండేళ్ళూ మన పెద్ద ఐటీ కంపెనీలు లాభాలు గడించాయి, అదే పిల్లల చేత్తో. తర్వాత ఏమైంది? వారానికి మూడు రోజులు, కొన్నిచోట్ల ఐదు రోజులు ఆఫీసుకి రావాల్సిందేనన్నారు. మళ్ళీ అడ్వాన్స్, మళ్ళీ పీజీ, మళ్ళీ సిల్క్ బోర్డు జంక్షన్లో గంటలు. ఆఫీసుకి వెళ్ళి మాత్రం చేసేదేమిటి? అదే హెడ్‌ఫోన్స్ పెట్టుకుని, పూనాలో ఉన్నవాడితో అదే కాల్ మాట్లాడటం. ఈ ఆజ్ఞ ఇచ్చినవాళ్ళు దాని ఖర్చులో ఒక్క రూపాయి భరించలేదు. నాకు ఎక్కువ మండేది ఇక్కడే.

నేను పల్లె స్వర్గమని పాడటం లేదు. ఆ పాట పాడేవాళ్ళకు ఊళ్ళో భూమి ఉంటుంది, కులం ఉంటుంది, వీధిలో నడుస్తుంటే లేచి నిలబడేవాళ్ళు ఉంటారు. 1948 నవంబర్ 4న రాజ్యాంగ సభలో అంబేడ్కర్ మన గ్రామాల మీద ఎందుకంత కఠినంగా మాట్లాడారో వాడ చివర పుట్టినవాళ్ళకు వివరించక్కర్లేదు. ఇంటర్ అవగానే పెళ్ళి చేసేస్తామన్న ఇంట్లోంచి బయటపడి, అమీర్‌పేటలో కోర్సు చేసి, ఎస్సార్ నగర్ హాస్టల్లో ఇరుకు మంచం మీద పడుకుని తన బతుకు తను బతుకుతున్న అమ్మాయికి నేను ఇంటికి తిరిగి రమ్మని ఎలా చెబుతాను? ఆమె పాతిక వేల జీతంలో ఇంకొకటి కూడా కొంటోంది. ఎవరికీ లెక్క చెప్పక్కర్లేని సాయంత్రం. అది ఊళ్ళో ఏ ధరకూ దొరకదు. ఆమె వెళ్ళాలి. వెళ్ళి తీరాలి. ఆమెను అంత ఇరుకులో పెట్టి ఆ స్వేచ్ఛకు నగరం పిండుకుంటున్న అద్దె మీదే నా కోపం. పారిపోక తప్పనివాళ్ళు ఎంతకైనా వస్తారని కంపెనీకి తెలుసు, హాస్టల్ ఓనరుకి ఇంకా బాగా తెలుసు.

కానీ ఆ అవసరం లేని ఇళ్ళనుంచి కూడా, కేవలం సంబంధాలు చూసేటప్పుడు ‘అబ్బాయి బెంగళూరులో సాఫ్ట్‌వేర్’ అని చెప్పుకోవడం కోసం పిల్లల్ని తోలేస్తున్నారే, ఆ తల్లిదండ్రులతో నాకు పేచీ. కన్సల్టెన్సీ వాడికి రెండు లక్షలో మూడు లక్షలో పోసి బ్యాక్‌డోర్ ఉద్యోగం కొనిపెడుతున్నారే, వాళ్ళతో మరీ పేచీ. అది మొదటి రోజునుంచే ఎదురు జీతం. ఆ ఆఫీసుకి మూడో నెల తాళం పడితే పోలీస్ స్టేషన్ ముందు నిలబడేది మీ పిల్లాడే.

ఆఫర్ లెటర్ చేతిలో ఉన్నవాళ్ళు ఒక్కటి చేయండి. ప్యాకేజీ అంకె పక్కన పెట్టి, నెలకు చేతికొచ్చేదెంతో హెచ్‌ఆర్‌ని మెయిల్లో అడగండి. పోయినేడు వేరియబుల్ పే ఎంత శాతం ఇచ్చారో, అక్కడ ఇప్పటికే పనిచేస్తున్న మీ సీనియర్లను అడగండి. బాండ్ ఉందా, ఒరిజినల్ సర్టిఫికెట్లు పెట్టుకుంటారా అడగండి. పెట్టుకుంటామంటే ఆ గడప తొక్కకండి. ఏ పని మీద వేస్తారో అడగండి: చేయి తిరిగే పనా, టికెట్లు మూసే నైట్ షిఫ్టా? మొదటిదైతే రెండేళ్ళ ఇరుకు ఓర్చుకోవచ్చు, ఎందుకంటే మూడో ఏడు కంపెనీ మారితే జీతం రెట్టింపయ్యేవాళ్ళు నిజంగానే ఉన్నారు. నగరం తలుపు తెరిచేది వాళ్ళకే. రెండోదైతే, రెండేళ్ళ తర్వాత కూడా మీరు అదే మంచం మీద ఉంటారు, మీ నాన్న అదే ఫోన్‌పే చేస్తూ ఉంటాడు. ఆ ఉద్యోగం వద్దనడానికి ధైర్యం కావాలి. ఆ ధైర్యం ఇవ్వాల్సింది ఇల్లు.

ఇల్లు ఇస్తోందా? ఉద్యోగం మానేసి తిరిగొచ్చిన పిల్లాణ్ణి మనం చూసే చూపు గుర్తు తెచ్చుకోండి. ‘తిరిగొచ్చేశాడంట’ అనే ఆ దీర్ఘం. ఏదో తప్పు చేసి వచ్చినట్టు, ఏదో రోగం తెచ్చుకున్నట్టు. ఆ దీర్ఘానికి భయపడి ఎంతమంది పిల్లలు ఖాళీ జేబులతో, చెడిన పొట్టలతో, నిద్రలేని కళ్ళతో అక్కడే పడి ఉన్నారో! సంక్రాంతికి పంతంగి టోల్‌గేట్ దగ్గర కిలోమీటర్ల బారు తీరే కార్లను టీవీలో చూపిస్తారు. టికెట్టుకి మామూలు రోజులకు రెండింతలు, మూడింతలు పోసి ప్రైవేటు బస్సుల్లో వచ్చేవాళ్ళను, అదీ కొనలేక హాస్టల్లోనే పండగ చేసుకునేవాళ్ళను ఏ టీవీ చూపించదు.

ప్రభుత్వాలూ ఇందులో దోషులే. ఉమ్మడి రాష్ట్రంలో 1956 నుంచి వచ్చిన కేంద్ర ఫ్యాక్టరీలూ పరిశోధన సంస్థలూ ఎక్కువ భాగం హైదరాబాద్ చుట్టూనే పెట్టారు. 1998 నవంబర్లో సైబర్ టవర్స్ తెరిచాక ఉద్యోగమంటే ఆ నగరంలోనూ పడమటి మూలేనన్నట్టు తయారైంది. ఉప్పల్‌లో ఇల్లున్నవాడు కూడా గచ్చిబౌలికి రోజూ ప్రయాణం కట్టాల్సిందే. 2020లో వరంగల్, కరీంనగర్, ఖమ్మంలలో ఐటీ భవనాలు తెరిచారు. మంచి పని. కానీ రిబ్బన్ కత్తిరించిన ఉత్సాహంలో పదో వంతు అక్కడికి పెద్ద ప్రాజెక్టులు రప్పించడంలో పెట్టి ఉంటే ఖమ్మం పిల్లాడు మియాపూర్ హాస్టల్లో ఎందుకుంటాడు? ఊరి దగ్గర ఆఫీసు పెట్టడం అసాధ్యం కాదని జోహో 2011లోనే తమిళనాడు తెన్‌కాశి దగ్గర పల్లెలో చూపించింది. మన రేణిగుంటకూ వచ్చింది.

ఇక విశాఖ. 2025 ఏప్రిల్లో ఆంధ్రప్రదేశ్ మంత్రివర్గం టీసీఎస్‌కి 21.16 ఎకరాలు 99 పైసల నామమాత్రపు ధరకు ఇచ్చింది. మన పిల్లలకు బెంగళూరు తప్పుతుందంటే ఇవ్వండి, నేను కాదనను. కానీ అది ప్రజల భూమి. ఆ పిల్లల తండ్రుల భూమి. ఇంట్లోంచి నెలనెలా ఎదురు జీతం ఇస్తున్న మనిషి చేత ఎకరాల్లో కూడా ఇప్పిస్తున్నప్పుడు, బదులుగా అడగాల్సింది ఉద్యోగాల సంఖ్య ఒక్కటే కాదు. ఇలాంటి ప్రతి భూమి ఒప్పందంలోనూ ఒక షరతు రాయించాలి: ఇక్కడ చేరే ఫ్రెషర్‌కి చేతికొచ్చే జీతం ఎంత, ఆ ఊరి అద్దె పెరిగితే అది ఏటా ఎంత పెరుగుతుంది, ఆ మాట తప్పితే భూమి ఎన్నాళ్ళలో వెనక్కి వస్తుంది. ఆ షరతు అడిగే ఎమ్మెల్యే ఒక్కడైనా రెండు అసెంబ్లీల్లో ఉంటే లేచి నిలబడి అడగాలి, వచ్చే సమావేశాల్లోనే.