పరిచయమూ ఒక ఆస్తే

చదువు ముగించిన పిల్లలకు ఉద్యోగం దగ్గరి బంధువుల ద్వారానే దొరుకుతుందని మనలో చాలామంది భావిస్తాం. అమెరికా సామాజిక శాస్త్రవేత్త మార్క్ గ్రానోవెటర్ 1973లో ఇందుకు భిన్నమైన సంగతి చెప్పారు. ఆప్తులకు తెలిసిన కబుర్లు సాధారణంగా మనకూ తెలిసే ఉంటాయి; కొత్త కబురు తెచ్చేది ఎప్పుడో ఒకసారి పలకరించే పరిచయస్తులే. 2003లో మొదలైన లింక్‌డ్‌ఇన్ వంటి వేదికల బలం ఇందులోనే ఉంది.

అయితే మన ఇళ్లలో కొందరు ఆడపిల్లలు ఫోటో పెట్టడానికి జంకి ఈ ద్వారాన్నే మూసుకుంటున్నారు. అక్కడ ఫోటో తప్పనిసరి కాదు. పెట్టినా, తమ పరిచయస్తులకు మాత్రమే కనిపించేలా అమర్చుకోవచ్చు. ముఖం కన్నా పని మాట్లాడాలి. ‘కష్టపడి పనిచేస్తాను’ అనడం కన్నా ‘రెండేళ్లు దుకాణం జీఎస్టీ లెక్కలు చూశాను’ అని రాయడం మేలు. కొత్తవారిని ‘ఉద్యోగం ఇప్పించండి’ అని అర్థించడం తగదు. మనమెవరమో, వారి అనుభవం నుండి ఏమి తెలుసుకోదలచామో నాలుగు వాక్యాల్లో మర్యాదగా తెలపాలి.

లేని అనుభవాన్ని చేర్చరాదు. ఇంటర్వ్యూలో మొదటి ప్రశ్న దానిమీదే రావచ్చు. పోయిన నమ్మకం తిరిగి రాదు. అలాగే గల్ఫ్ ఉద్యోగమంటూ ముందే డబ్బు అడిగే సందేశాన్ని నమ్మి తల్లి నగలు తాకట్టు పెట్టవద్దు. ఏజెంటుకు లైసెన్సు ఉన్నదీ లేనిదీ విదేశాంగ శాఖ ఈ-మైగ్రేట్ పోర్టల్‌లో చూసుకోవచ్చు.

మేము కోరేది మరొకటుంది. ఉద్యోగం దొరికిన తరువాత తలుపు వేసుకోకండి. మీకు అందిన కబురు మరొకరికి చేర్చవలసిన అమానతు.