బదులు రాని ప్రశ్న



మా కుమారుఁడు వినుచున్న యొక యమెరికా పాటల సంపుటమును గూర్చి నేఁడు ముచ్చటింతును. 1991 మార్చిలో లాస్ ఏంజెలిస్ నగరమున రాడ్నీ కింగ్ అను నల్లజాతీయుని పోలీసులు మోఁదుట వీడియోలో లోకమెల్లఁ జూచెను. అయినను 1992 ఏప్రిల్ 29న జ్యూరీ వారిలో నొక్కని నైనను దోషిగా నిర్ణయింపదయ్యెను. నగరము భగ్గుమనెను, 60 మందికిఁ బైగా మడిసిరి. ఆ నగరపువాఁడే యగు ఐస్ క్యూబ్ ఆ నవంబరులో ‘ది ప్రెడేటర్’ అను ర్యాప్ సంపుటమును వెలువరించెను.

అందలి దుర్భాషలకు మొదటఁ జెవులు మూసికొంటిని. పిదప ద్రౌపది జ్ఞప్తికి వచ్చెను. నిండుసభలో నామె ప్రశ్నకుఁ బెద్దలు బదులీయకుండుటచేతఁ గదా యా కోపము పెరిగినది! అయినను ఆ మంటలలోఁ గొరియా వర్తకుల యంగళ్లును గాలినవి. వారు చేసిన నేరమేమి? కావునఁ బిల్లవానిచే నా పాటలు మాన్పింపను. ప్రక్కఁ గూర్చుండి యీ రెండు మాటలును జెప్పుదును.