పంతులుగారి బండి

2020వ సంవత్సరమున కరోనా మహమ్మారివలన బడులు మూతపడినప్పుడు మన పత్రికలయందు ఒకే తీరు చిత్రము మాటిమాటికి వెలువడుచుండెను: తోపుడుబండి, దానిపై అరటిపండ్లు, వెనుక ముఖమునకు గుడ్డ కట్టుకొన్న ప్రైవేటు బడి ఉపాధ్యాయుడు, క్రింద, అక్షరములు దిద్దించిన చేతికి త్రాసు వచ్చెనే యను పరితాపము. చూచినవారెల్లరు నిట్టూర్చిరి. మేమును నిట్టూర్చితిమి. ఆ నిట్టూర్పు తప్పని యిప్పుడు వాదింపబూనితిమి.

పండ్లమ్ముట యవమానమా? శ్రమగౌరవమును గూర్చి యేటేట వ్యాసములు వ్రాయించి మార్కులు వేసిన మనమే, తోడివాడు త్రాసు పట్టగానే కంటనీరు పెట్టుకొంటిమి. ఆ వ్యాసములను మనమే నమ్మలేదన్నమాట. బండివారి పిల్లలును మన తరగతులలోనే కూర్చుండియున్నారు. ఆ చిత్రమును చూచి వారేమనుకొని యుందురు?

సిగ్గుపడవలసినది బండిని జూచి కాదు, పంతులు బండివద్దకు వచ్చిన త్రోవను జూచి. మాతో కలిసి పనిచేసిన తెలుగు పండితుడొకడు నల్లగొండ జిల్లాలో ఒక బడియందు 14 ఏండ్లు పాఠము చెప్పెను. ఆ వేసవిలో ఫోనుమీద రెండు మాటలతో ఆయన కొలువు ముగిసినది. చేరిననాడు యాజమాన్యము ఆయన మూల సర్టిఫికెట్లను తీసికొని బీరువాలో పెట్టినది. పంపివేసిననాడు తిరిగి యియ్యలేదు. (ఉపాధ్యాయులైన పాఠకులు ఇచ్చట తలయూపుచుందురని యెఱుగుదుము.) పట్టా చూపనిదే వేఱొక కొలువు లేదు, పట్టా బీరువాలో నున్నది. క్రొత్త విద్యలు నేర్చుకొమ్మనియు, అవకాశములకు కొదువ లేదనియు ఉపదేశించు పెద్దలు ఈ బీరువా మాట యెత్తరు.

చట్టమేమి చేసినది? పని తీసివేయబడిన కార్మికునకు, ఏడాది సర్వీసు నిండినచో, ఏటికి 15 రోజుల వేతనము చొప్పున పరిహారమీయవలయునని 1947 నాటి పారిశ్రామిక వివాదముల చట్టము విధించినది. కాని ఉపాధ్యాయుడు ఆ చట్టమునందలి కార్మికుడు కాడని 1988లో సుప్రీంకోర్టు తీర్పు చెప్పెను. విద్య చెప్పుట కూలిపని కాదట. అది ఉదాత్తమైన వృత్తియట! గురువని నెత్తికెత్తుకొని చేతిలోని కూడు తీసివేసిన మర్యాద ఇది. మిల్లు కూలికి గల హక్కు పంతులుకు లేకపోయినది, ఆయన పూజ్యుడగుటవలన.

అయినను ఒక బాకీ మిగిలియున్నది. 2009లో గ్రాట్యుటీ చట్టమును సవరించి, 1997 ఏప్రిలు 3వ తేదీనుండి వర్తించునట్లు, ఉపాధ్యాయులకును ఆ హక్కును కల్పించిరి. ప్రైవేటు బడులవారు దీనిపై పోరాడి 2022 ఆగస్టులో సుప్రీంకోర్టునందు ఓడిపోయిరి. అయిదేండ్లు పనిచేసి వెడలినవానికి ఇది రావలయును. నెలకు 18,000 రూపాయల జీతముతో 14 ఏండ్లు చెప్పినవానికి లెక్కవేసిన సుమారు 1,45,000 రూపాయలగును. ఆ సొమ్ము సకాలమున చేతబడియున్నచో మా పండితుడు బండి నడుపక పోయెడివాడని యనము. అప్పు లేని బండి నడిపియుండెడివాడు. 2021 ఏప్రిలులో తెలంగాణ ప్రభుత్వము ప్రైవేటు ఉపాధ్యాయులకు నెలకు 2,000 రూపాయలును 25 కిలోల బియ్యమును ప్రకటించెను. దానిని మేము చులుకన చేయము. ఆకలికి బియ్యము బియ్యమే. కాని సాయము వేఱు, బాకీ వేఱు.

మన జాలి చేసిన కీడు మఱియొకటి గలదు. పండితుడు తన సంగతి యెవ్వరికిని చెప్పలేదు. కూరగాయల బండిని శిష్యులెవ్వరును లేని పేటకు తోసికొని పోయెడివాడు. మార్కు గ్రానొవెటరను అమెరికా సమాజశాస్త్రవేత్త బోస్టను సమీపమున న్యూటను పట్టణపు ఉద్యోగులను విచారించి 1973లో ప్రకటించినదేమనగా, పరిచయస్థుల మూలమున కొలువు దొరికినవారిలో ఆఱింట అయిదు వంతులమందికి ఆ వార్త చెప్పినవారు నిత్యము కలిసెడు ఆప్తులు కారు, అప్పుడప్పుడో అరుదుగానో కనబడువారు. అట్టి పరిచయములు బడిపంతులుకున్నన్ని మఱెవ్వరికున్నవి? ఏటేట వందలమంది పిల్లలు, వారి తల్లిదండ్రులు! ఉన్న మూలధనమదియే; సిగ్గువలన దానినే ఆయన దాచుకొనెను. ఆ సిగ్గును నేర్పినది మన నిట్టూర్పు.

ఎనిమిది నెలలకు పూర్వవిద్యార్థి తండ్రి యొకడు వంకాయలు కొనుచు, "సార్, మీరా?" యని గుర్తుపట్టెను. ఆయన విచారపడుచు నిలువక, మిర్యాలగూడలో తనకు తెలిసిన ధాన్యపు మిల్లునందు లెక్కలు వ్రాయువాడు కావలయునని చెప్పెను. పండితుడు కంప్యూటరుపై ఆ లెక్కలను మూడు వారములలో నేర్చెను. నేటికిని అచ్చటనే యున్నాడు. జీతము పూర్వముకంటె కొంచెము తక్కువ. ఒకటవ తేదీకి మాత్రము తప్పక చేతికందును.

మూల సర్టిఫికెట్లు ఇంకను ఆ బీరువాలోనే యున్నవి. వచ్చు సోమవారమున మేము నలుగురము ఆయనతో కూడ పోయి, వానిని, గ్రాట్యుటీని అడుగ నిశ్చయించితిమి.