పాడైపోలేదు, తాళం పడిందంతే

"ఓ రాస్ప్‌బెర్రీ పై కొనుక్కుంటే పోయేదానికి, ఈ పాత డబ్బాతో కుస్తీ ఎందుకురా?" నా చేతిలో ఐప్యాక్ కనబడ్డప్పుడల్లా హాస్టల్లో ఎవరో ఒకరు అడిగే ప్రశ్న ఇది. న్యాయమైన ప్రశ్నే. అందుకే సమాధానం కాస్త వివరంగా రాస్తున్నాను.

తెలియనివాళ్ల కోసం రెండు ముక్కలు. స్మార్ట్‌ఫోన్లు రాకముందు జేబులో పట్టే చిన్న కంప్యూటర్లు ఉండేవి. పీడీఏలు అనేవారు. కాంపాక్ కంపెనీ 2000లో తెచ్చిన హెచ్3600 ఐప్యాక్ వాటిలో బాగా పేరున్నది. 206 మెగాహెర్ట్జ్ స్ట్రాంగ్‌ఆర్మ్ ప్రాసెసర్, 32 ఎంబీ ర్యామ్, 16 ఎంబీ ఫ్లాష్. అంతే! దుకాణంలో కొన్నప్పుడు అందులో ఉండేది మైక్రోసాఫ్ట్ వాళ్ల పాకెట్ పీసీ. మా బాబాయి బీరువాలో మూలన పడున్నది నా చేతికొచ్చింది. బ్యాటరీ ఎప్పుడో పోయింది, క్రేడిల్లో పెడితేనే వెలుగుతుంది. ఇప్పుడు అందులో నడుస్తున్నది లినక్స్ కెర్నెల్.

దీంతో రీల్స్ చూడలేం, ఈనాటి వెబ్‌సైట్లు సరిగ్గా తెరవలేం. ఒప్పుకుంటాను. కానీ సీరియల్ కేబుల్ తగిలించి, ల్యాప్‌టాప్‌లో 115200 బాడ్ రేటు పెట్టి చూడండి. ముందు బూట్‌లోడర్ పలకరిస్తుంది. తర్వాత కెర్నెల్ మూట విప్పుకుంటుంది, డ్రైవర్లు ఒక్కొక్కటే లేస్తాయి, రూట్ ఫైల్ సిస్టమ్ మౌంట్ అవుతుంది, చివరికి షెల్ వస్తుంది. ఓఎస్ పరీక్షలో బట్టీపట్టి రాసే జవాబు కళ్లముందు వరసగా నడుస్తుంది. మెమరీ మించిపోయేలా ప్రోగ్రాములు తెరిస్తే, కెర్నెల్ వాటిలో ఒకదాన్ని చంపేస్తుంది. ఎందుకు దాన్నే ఎంచుకుంది అని వెతకడం మొదలుపెడితే మెమరీ మేనేజ్‌మెంట్ అధ్యాయం మొత్తం దానంతటదే చదివేస్తాం.

ఇక రాస్ప్‌బెర్రీ పై సంగతి. నాకూ ఇష్టమే. కానీ అందులో పెట్టే ఎస్‌డీ కార్డులో ఒక చిన్న కంట్రోలర్ ఉంటుంది. ఫ్లాష్ కష్టాలన్నీ అదే దాచేస్తుంది. ఐప్యాక్‌లో ఫ్లాష్ నేరుగా కెర్నెల్ చేతిలో ఉంటుంది. రాసినచోట మళ్లీ రాయాలంటే ముందు బ్లాకు మొత్తం చెరపాలి. ఒకే బ్లాకును పదేపదే చెరిపితే అది అరిగిపోతుంది. జేఎఫ్‌ఎఫ్‌ఎస్2 ఫైల్ సిస్టమ్‌ను అలా ఎందుకు కట్టారో ఇక్కడైతే ఎవరూ చెప్పనక్కర్లేదు.

"సరే, ఉద్యోగానికి పనికొస్తుందా?" అంటారు. ఐప్యాక్ కోసం ఫెమీలియర్ అనే లినక్స్, షార్ప్ జారస్ అనే మరో పీడీఏ కోసం ఓపెన్‌జారస్ నడిపినవాళ్లు, ప్రతి పరికరానికీ అంతా మొదట్నుంచి కట్టుకోలేక, 2003లో చేతులు కలిపారు. అలా పుట్టింది ఓపెన్‌ఎంబెడెడ్. ఈరోజు ఎంబెడెడ్ ఉద్యోగాల ప్రకటనల్లో కనిపించే యోక్టో నిలబడింది దాని మీదే. పనికిమాలిన డబ్బాలతో కుస్తీ అన్నది ఆ రోజుల్లో ఇదే మరి!

అయితే నేను అసలు చెప్పాలనుకున్నది వేరే. ఐప్యాక్ ఇప్పటికీ ఎందుకు బతికింది? కాంపాక్ వాళ్ల కేంబ్రిడ్జ్ పరిశోధనశాల ఇంజనీర్లే లినక్స్‌ను దాని మీదకు తెచ్చి, బూట్‌లోడర్‌తో సహా సోర్స్ బయటపెట్టారు కాబట్టి. మన దేశంలోనూ బెంగళూరు ఐఐఎస్‌సీ ప్రొఫెసర్లు, ఎన్‌కోర్ ఇంజనీర్లు కలిసి స్ట్రాంగ్‌ఆర్మ్ మీదే సింప్యూటర్ తయారుచేశారు. మొదట్నుంచీ అందులో లినక్సే. హార్డ్‌వేర్ డిజైన్‌కు కూడా అందరూ వాడుకునేలా లైసెన్సు రాశారు. అనుకున్నంతగా అమ్ముడుపోలేదు, నిజమే. కానీ తాళం లేని యంత్రం చేయాలన్న ఆలోచన మనవాళ్లకూ వచ్చింది.

ఇప్పుడు మన సొరుగుల్లో ఉన్న ఫోన్లు చూడండి. ఐప్యాక్ కంటే ఎన్నో రెట్లు శక్తి ఉన్నవి. నా పాత ఫోన్‌లోనూ ఉన్నది లినక్స్ కెర్నెలే. కానీ బూట్‌లోడర్‌కు తాళం, డ్రైవర్ల సోర్స్ రాదు, అప్‌డేట్లు ఆగిపోయాయి. హార్డ్‌వేర్ బంగారంలా ఉన్నా చెత్త కిందే లెక్క. తాళం భద్రత కోసమే, దొంగ చేతిలో పడితే మన డేటా పోకూడదనే అంటారు. ఒప్పుకుందాం. మరి కంపెనీ అప్‌డేట్లు ఆపేసిన రోజున, డబ్బులిచ్చి కొన్నవాడికి ఆ తాళంచెవి ఇవ్వడానికి అడ్డేమిటి? ఇవ్వాల్సిందే అని నా అభిప్రాయం. అలా ఇవ్వాలని చట్టమే చెప్పాలి.

తాళం తీస్తే సరిపోదు, వాడేవాళ్లూ ఉండాలి. 2023లో వచ్చిన 6.3 కెర్నెల్లో, వాడుతున్నవాళ్లెవరూ కనిపించడం లేదని బోలెడు పాత ఆర్మ్ బోర్డుల కోడ్ తీసేశారు. పాత వెర్షన్లలో అది దొరుకుతుంది, కానీ ఇక చూసుకునే దిక్కుండదు. అందులో తప్పేం లేదు. పరీక్షించేవాడు లేని కోడ్‌ను ఎన్నాళ్లని మోస్తారు?

కాబట్టి రెండు మాటలు. కొత్త ఫోన్ కొనేముందు కెమెరా ఎన్ని మెగాపిక్సెళ్లో అడిగినట్టే, బూట్‌లోడర్ తెరవనిస్తారా అని కూడా అడగండి. ఈ సెలవులకు ఇంటికెళ్లినప్పుడు బీరువాలు, అటకలు ఒకసారి వెతకండి. పీడీఏ, పాత రూటర్, ఏదైనా సరే, పాత ఇనుప సామాన్లవాడికి వేసేముందు ఇటు పట్టుకురండి. సీరియల్ కేబుల్ నా దగ్గరుంది.